పోటాకి ఏ నేల లెక్కలోకి వస్తుంది? మ్యాప్‌లో పచ్చ గీత లోపల ఉంటే చాలా?

కొత్త_ఆపరేటర్:
అందరికీ నమస్కారం. నాకు హామ్ రేడియో (అభిరుచి కోసం చేసే అమెచ్యూర్ రేడియో) జనరల్ లైసెన్స్ వచ్చి మూడు నెలలైంది. ఇన్నాళ్లూ ఇంట్లో కూర్చుని పార్కుల నుంచి రేడియోలో పిలిచేవాళ్లని పట్టుకుంటున్నాను, ఇప్పుడు నేనే రేడియో సర్దుకుని బయటికి వెళ్లి ఒక పార్క్‌ని యాక్టివేట్ చేయాలని, అంటే అక్కడి నుంచి నేనే పిలవాలని ఉంది. ఉండేది వర్జీనియాలో. పోటా (పార్క్స్ ఆన్ ది ఎయిర్, పార్కుల నుంచి రేడియోలో మాట్లాడే కార్యక్రమం) రూల్స్ రెండుసార్లు చదివాను కానీ నేల దగ్గరికి వచ్చేసరికి కొన్ని సందేహాలు తీరడం లేదు.

మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో మంచి కౌంటీ పార్క్ ఉంది. అది ప్రజల భూమే, ఎవరైనా వెళ్లొచ్చు, మరి పోటా లిస్ట్‌లో ఎందుకు లేదు? రెండోది, జార్జ్ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్ నేషనల్ ఫారెస్ట్‌కి వెళ్దామనుకుంటున్నాను, ఫోన్ మ్యాప్‌లో ఆ ప్రాంతమంతా పచ్చగా కనిపిస్తోంది, దాంట్లో రోడ్డు పక్కన ఎక్కడ ఆగినా సరిపోతుందా? గీత లోపలున్న ప్రతి అడుగూ ప్రభుత్వానిది కాదని ఒకాయన అన్నాడు, అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, షెనాండోవా నేషనల్ పార్క్‌లో అప్పలాచియన్ ట్రైల్ అనే నడక దారి పక్కన కూర్చుంటే రెండూ ఒకేసారి లెక్కకి వస్తాయంటున్నారు, పక్కన అంటే ఎంత దూరం? వర్షం వస్తే కార్లో కూర్చుని చేయొచ్చా అన్నది కూడా చెప్పండి.

బ్లూరిడ్జ్_హామ్:
ముందు కౌంటీ పార్క్ సంగతి. పోటా లిస్ట్‌లోకి వచ్చేవి దేశ స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో ఉన్నవే: నేషనల్ పార్కులు, నేషనల్ ఫారెస్టులు, వైల్డ్‌లైఫ్ రెఫ్యూజీలు, స్టేట్ పార్కులు, స్టేట్ ఫారెస్టులు, ఇలాంటివి. ఊరి పార్కులు, కౌంటీ పార్కులు ఎంత బాగున్నా తీసుకోరు. దీని వెనక చరిత్ర కూడా ఉంది, నేషనల్ పార్క్ సర్వీస్‌కి నూరేళ్లు నిండిన 2016లో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ ఏడాది పాటు నేషనల్ పార్క్స్ ఆన్ ది ఎయిర్ అని నడిపింది, పది లక్షలకు పైగా కాంటాక్టులు (రేడియోలో ఇద్దరు ఒకరినొకరు అందుకోవడం) జరిగాయి, ఆ ఊపు వదులుకోలేక కొందరు దాన్నే పోటాగా కొనసాగించారు. ప్రతి వీధి చివరి పార్కునీ కలిపితే లిస్ట్ సంభాళించడం వాలంటీర్ల వల్ల కాదని నా అభిప్రాయం. కౌంటీ పార్క్‌లో రేడియో పెట్టుకోవద్దని ఎవరూ అనడం లేదు, యాంటెన్నా నిలబెట్టి దించడం ప్రాక్టీస్ చేయడానికి అంతకంటే మంచి చోటు లేదు, పోటా లెక్కకి రాదు, అంతే.

రెండో ప్రశ్న అసలైనది. మీకు చెప్పినాయన మాట నిజం. రూల్‌లో రెండు షరతులున్నాయి, చాలామంది ఒకటే చదువుతారు. మీరూ మీరు వాడే సామాను మొత్తమూ పార్క్ హద్దు లోపల ఉండాలి, ఆ నేల ప్రజల భూమి కూడా అయి ఉండాలి. స్టేట్ పార్కుల్లో ఈ రెండూ దాదాపు ఒకటే. నేషనల్ ఫారెస్టుల్లో కాదు, ముఖ్యంగా మన తూర్పు వైపు. అక్కడ ఫారెస్ట్ ఏర్పడక ముందు నుంచే పొలాలు, ఇళ్లు, చర్చిలు ఉన్నాయి, ప్రభుత్వం అమ్మినవాళ్ల దగ్గర కొంటూ పోయింది, అమ్మనివాళ్ల భూమి మధ్యలో అలాగే మిగిలిపోయింది. బయటి గీత మాత్రం అన్నింటినీ చుట్టేసి ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. రెండేళ్ల కిందట ఒక ఫారెస్ట్‌లో కంకర రోడ్డు పక్కన పెద్ద ఓక్ చెట్టు కింద ఖాళీ చోటు చూసి ఆగాను. కంచె లేదు, బోర్డు లేదు, మ్యాప్‌లో పచ్చగా ఉంది. గంటన్నరలో 34 కాంటాక్టులు అయ్యాయి, నేను చేసినవాటిలో అంత బాగా నడిచిన రోజు లేదు. అప్పుడు ఒక పెద్దాయన పికప్‌లో వచ్చి, చాలా మర్యాదగానే, ఇది మా భూమి బాబూ అన్నాడు. క్షమాపణ చెప్పి సర్దేశాను. ఇంటికొచ్చి కౌంటీ వాళ్ల పార్సెల్ మ్యాప్ తెరిస్తే నిజమే, ఫారెస్ట్ మధ్యలో చిన్న చతురస్రం, ఆయన పేరు మీదే ఉంది. ఆ లాగ్, అంటే కాంటాక్టుల జాబితా, పోటాకి అప్‌లోడ్ చేయలేదు. నాకు క్రెడిట్ రాకపోవడం కంటే ఆ 34 మందికీ ఆ పార్క్ దక్కకుండా పోయిందే అన్న బాధ చాలా రోజులు ఉంది. వాళ్లలో ఒకాయన బాగా బలహీనమైన సిగ్నల్‌తో నాలుగైదు సార్లు పిలిచి మరీ అందుకున్నాడు.

అప్పటి నుంచి నేను వెళ్లే ముందు మూడు చూస్తాను. ఫారెస్ట్ సర్వీస్ సొంత మ్యాప్, అందులో బయటి హద్దు వేరు, లోపల రంగు నింపిన ప్రభుత్వ భూమి వేరు, తెల్లగా ఉన్నదంతా వేరేవాళ్లది. తర్వాత యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల రక్షిత ప్రాంతాల డేటాబేస్, పాడ్-యూఎస్ అంటారు. చివరగా కౌంటీ పార్సెల్ మ్యాప్, భూమి ఎవరి పేరు మీద ఉందో అదే చెబుతుంది, ఉచితం. ఇంత ఎందుకు అనిపిస్తే ఫారెస్ట్ వాళ్ల క్యాంప్‌గ్రౌండ్‌కో ట్రైల్‌హెడ్ పార్కింగ్‌కో వెళ్లండి, మొదటిసారికి అదే మేలు.

మోర్స్_సంధ్య:
ట్రైల్ గురించి నేను చెబుతాను, షెనాండోవాలో చాలాసార్లు చేశాను. ట్రైల్‌కి 100 అడుగుల లోపు ఉండాలి, అంటే 30 మీటర్లు. అప్పలాచియన్ ట్రైల్ ఆ పార్క్‌లో 100 మైళ్లకు పైగా నడుస్తుంది, పార్క్ లోపలి రోడ్డు స్కైలైన్ డ్రైవ్‌ని చాలాచోట్ల దాటుతుంది కూడా, కాబట్టి రెండూ కలిసే చోట్లకు కొదవ లేదు. కానీ కారు ఆపి లోయ చూసే ప్రతి ఓవర్‌లుక్ దగ్గరా ట్రైల్ అంత దగ్గరగా ఉండదు. కొన్నిచోట్ల కొండ కింద ఎక్కడో ఉంటుంది, కారు దిగి చూసి ఇదే అనుకుంటే పొరపాటు. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ ట్రైల్ నుంచి నా కుర్చీ దాకా నడిచి చూస్తాను. యాంటెన్నా తీగ అవతలి కొస కూడా ఆ దూరం లోపే ఉండేలా వేస్తాను, ఎందుకంటే సామాను మొత్తం లోపల ఉండాలన్నది దీనికీ వర్తిస్తుంది. 40 మీటర్ల తరంగదైర్ఘ్యం బ్యాండ్‌కి చివర నుంచి ఫీడ్ చేసే హాఫ్‌వేవ్ (సగం తరంగం పొడవు) తీగే దాదాపు 66 అడుగులు, ట్రైల్‌కి 60 అడుగుల దూరంలో కూర్చుని దాన్ని బయటి వైపు లాగితే హద్దు దాటినట్టే. ట్రైల్ వెంబడి వేయండి, ఏ గొడవా లేదు. నడిచేవాళ్ల కాళ్లకి తగలకుండా మాత్రం చూసుకోండి.

ఇంకో సంగతి, పార్క్ బయట ట్రైల్ కొన్నిచోట్ల ప్రైవేట్ భూమి మీదుగా వెళ్తుంది. దారి కోసం ఇచ్చిన అనుమతి నడవడానికి. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంటే 100 అడుగుల లోపు ఉన్నా ప్రజల భూమి అనే షరతు తప్పుతుంది.

కార్లో చేయొచ్చు, ఇబ్బంది లేదు, కారు పార్క్ లోపల ఉంటే చాలు. సోటాతో (సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్, కొండ శిఖరాల నుంచి చేసేది) కలిపి గందరగోళ పడకండి, అక్కడ కార్లో నుంచి చేస్తే లెక్కకి రాదు, శిఖరం నుంచి నిలువుగా 25 మీటర్ల లోపు ఉండాలి, పాయింట్లకి 4 కాంటాక్టులు చాలు. ఇక్కడ 10 కావాలి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ఎఫ్ (పోటా లాంటిదే ఇంకో అంతర్జాతీయ కార్యక్రమం) కూడా కలిపి చేద్దామనుకుంటే దానికి 44.

తీగ_యాంటెన్నా:
పైన ఇద్దరూ బాగా చెప్పారు, కానీ ఒకటి వదిలేశారు. లిస్ట్‌లో పేరు ఉండటం అనుమతి కాదు. ఆ నేల చూసుకునేవాళ్ల నియమాలు వేరే ఉంటాయి, పోటాకి వాటి మీద అధికారం లేదు. నేషనల్ పార్కులకి సూపరింటెండెంట్స్ కంపెండియం అని ఒక పత్రం ఉంటుంది, ఆ పార్క్‌కి ప్రత్యేకమైన ఆంక్షలన్నీ అందులోనే, వెళ్లే ముందు చదవండి. చెట్లకి ఏదీ కట్టొద్దని కొన్ని పార్కులు స్పష్టంగా రాస్తాయి. అందుకే నేను చెట్ల మీదికి తాడు విసరడం పూర్తిగా మానేసి మడత పోల్ ఒకటి పట్టుకెళ్తున్నాను. యుద్ధభూముల్లో, గెటిస్‌బర్గ్ లాంటి చోట్ల, నేలలోకి మేకులు దిగ్గొట్టకండి, ఆ మట్టిలో ఇంకా ఏముందో ఎవరికీ తెలియదు. నాకైతే అది రూల్ కంటే పెద్ద విషయం.

వర్జీనియా వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలకి వెళ్తే 17 ఏళ్లు నిండినవాళ్ల దగ్గర వేట లైసెన్సో చేపల లైసెన్సో ఉండాలి, లేకపోతే యాక్సెస్ పర్మిట్ కొనాలి. వేట సీజన్‌లో నారింజ రంగు చొక్కా వేసుకోండి. రేంజర్ వచ్చి అడిగితే యాంటెన్నా చూపించి రెండు ముక్కల్లో చెప్పండి. తీసేయమంటే వాదించకుండా తీసేయండి, మీ తర్వాత అక్కడికి వచ్చే హామ్‌ని ఆయన మీ ప్రవర్తనతోనే కొలుస్తాడు.

కొత్త_ఆపరేటర్:
ముగ్గురికీ చాలా థ్యాంక్స్. పార్సెల్ మ్యాప్ ఇప్పుడే తెరిచి చూశాను, నేను అనుకున్న చోటు నిజంగానే ప్రైవేట్! కాబట్టి ఈ శనివారం షెనాండోవాకే. పగలంతా పని ఉంది, సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే 10 కాంటాక్టులకి టైమ్ సరిపోతుందా?

మోర్స్_సంధ్య:
ఆ 10 ఒకే యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రోజులో అవ్వాలి. ఇప్పుడు డేలైట్ సేవింగ్ టైమ్ కాబట్టి మనకి రాత్రి 8 గంటలకి యూటీసీ తేదీ మారుతుంది, ఎనిమిదిలోపు ఆరు, తర్వాత నాలుగు చేస్తే రెండు అరకొర రోజులు అవుతాయి. ఏడింటికే మొదలుపెట్టేట్టయితే గంటలో పది గట్టిగా ప్రయత్నించండి, 20 మీటర్ల బ్యాండ్‌లో పిలుస్తూ పోటా సైట్‌లో స్పాట్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఉన్నారో చెప్పే నోట్) పెట్టుకుంటే వస్తాయి. రాకపోతే ఎనిమిది తర్వాత కొత్తగా ఒకటి నుంచి లెక్కపెట్టుకోండి. రిపీటర్ (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే స్టేషన్) మీద చేసినవి కలపకండి.

బ్లూరిడ్జ్_హామ్:
ఏడు దగ్గర ఆగిపోయినా లాగ్ మాత్రం తప్పకుండా అప్‌లోడ్ చేయండి. మీకు యాక్టివేషన్ కింద రాదు కానీ ఆ ఏడుగురికీ పార్క్ వస్తుంది, హంటర్లు (ఇంటి నుంచి మిమ్మల్ని అందుకునేవాళ్లు) లాగ్ పంపరు, వాళ్లకి క్రెడిట్ మీ లాగ్ నుంచే వెళ్లాలి. పార్క్‌దీ ట్రైల్‌దీ రెండు రిఫరెన్సులూ (పోటా ఇచ్చే నంబర్లు) వేయడం మర్చిపోకండి, 2024 నుంచి అమెరికా పార్కుల నంబర్ల ముందు కే తీసేసి యూఎస్ పెట్టారు, పాత నోట్స్ చూసి రాసుకుంటే తప్పు పడుతుంది.