ఐటీఐ పాసైన పిల్లలు ఏమవుతున్నారో తెలుసుకునేదెలా?

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. వృత్తి విద్య మీద విధాన నివేదికలు రాసే చోట రెండేళ్లుగా విశ్లేషకురాలిగా పనిచేస్తున్నాను. మన ప్రకాశం జిల్లా ఐటీఐ పిల్లలు కంపెనీలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అప్రెంటిస్‌షిప్‌లో ఎందుకు చేరడం లేదన్నది ఇప్పుడు నేను రాయాల్సిన విషయం.

అప్రెంటిస్ చట్టం 1961లోనే వచ్చింది. ఇప్పటి నిబంధనల ప్రకారం కాంట్రాక్టు వాళ్లతో కలిపి 30 మంది, ఆపైన పనిచేసే చోట మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. మన జిల్లాలోని చీమకుర్తిలో గ్యాలాక్సీ గ్రానైట్ కోసే మిషన్లకు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ లేకపోతే రోజు గడవదు కదా!

మొన్న ఒక ఐటీఐ రిజిస్టర్ ముందేసుకుని 40 నంబర్లకు ఫోన్ చేశాను. సగం స్విచాఫ్. కలిసినవాటిలో ఎక్కువ నాన్నల నంబర్లే. "మావాడు మద్రాసులో ఉన్నాడమ్మా, ఏం పనో మాకు తెలీదు" అన్నారు ఒక పెద్దాయన. వెనక గేదె అరుపు వినిపిస్తోంది. ఆ అబ్బాయి పేరు పక్కన 'ఉపాధి దొరికింది' అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రెండేళ్లు ఫిట్టర్ నేర్చుకుని హోటల్లో ప్లేట్లు అందిస్తుంటే దాన్ని ఉపాధి లెక్కలో ఎలా వేయను?

గ్రానైట్ యూనిట్లు నడిపేవాళ్లు దయచేసి చెప్పండి. అప్రెంటిస్‌ను తీసుకోవడానికి అడ్డేమిటి? స్టైపెండా, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తలనొప్పా, కుర్రాడికి దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలన్న టెన్షనా? ఐటీఐ చేసినవాళ్లు మీ మొదటి ఏడాది ఎలా గడిచిందో రాయండి. పాసైనవాళ్లను ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్న అనుభవం ఎవరికైనా ఉంటే, ఫోన్ కాకుండా ఏ దారిలో వెళ్లారు? మీ పేర్లు ఎక్కడా రాయను. నెలాఖరుకల్లా నివేదిక ఇవ్వాలి.