అప్‌డేట్: క్లెయిమ్‌లో చేసిన రిపేర్ మళ్లీ చేయించాను

కావలి దగ్గర హైవే మీద దెబ్బతిన్న మా కారుకు నెల్లూరులో క్యాష్‌లెస్ రిపేర్ చేశారని, ఎడమ డోర్ సరిగా పడటం లేదని ఇంతకుముందు అడిగాను కదా.

"వాడుతుంటే అదే సెట్ అవుతుంది సార్" అన్నాడు ఆ వర్క్‌షాప్ సర్వీస్ అడ్వైజర్. సందులోంచి వాన నీళ్లు సీటు మీద పడుతుంటే ఏం సెట్ అవుతుంది? ఫొటోలు, వీడియో, జాబ్ కార్డ్ (వర్క్‌షాప్ వాళ్లు చేసే పనులు రాసిచ్చే కాగితం) జత చేసి ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టాను. జవాబు లేదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేశాకే కదిలారు. నష్టం అంచనా వేసే సర్వేయర్ మళ్లీ వచ్చి, బిల్లులో కొత్తదని రాసిన డోర్ హింజ్ (డోర్ తిరిగే కీలు) పాతదేనని తేల్చాడు. అది వినగానే ఒళ్లు మండిపోయింది.

ఇప్పుడు హింజ్, డోర్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మార్చారు, పైసా అడగలేదు. కుదరకపోతే హైదరాబాద్‌లోని బీమా ఫిర్యాదులు పరిష్కరించే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్దామనుకున్నాను, అక్కడ ఫీజు ఉండదు. పెయింట్ షేడ్ మాత్రం ఎండలో ఇంకా తేడాగానే ఉంది, దాని గురించి అడుగుతున్నాను.