పార్టీ పేరు రాయకపోతే ప్రైమరీలో ఓటు లేదా?

పిట్స్‌బర్గ్ బాబాయ్: అమెరికా సిటిజన్‌షిప్ రాగానే ఓటరు ఫారంలో 'ఏ పార్టీ కాదు' దగ్గర టిక్కు పెట్టాను. 2024 ఏప్రిల్ 23న ఆఫీసుకు లేటైనా పర్లేదని ప్రైమరీకి, అంటే పార్టీలు తమ అభ్యర్థుల్ని తేల్చుకునే ముందస్తు ఎన్నికకు వెళ్లా. టేబుల్ దగ్గర పెద్దావిడ జాబితా చూసి, "మీకు ఈరోజు బ్యాలెట్ లేదండీ" అంది. నా వెనక లైన్లో ఉన్నాయన జాలిగా చూశాడు. పెన్సిల్వేనియాలో నాలాంటివాళ్లం 10 లక్షలకు పైనే. ఆ ఎన్నిక ఖర్చు మా పన్నుల్లోంచే కదా!

తూగోజీ కుర్రాడు: బాబాయ్, మీ బాధ అర్థమైంది గానీ ఒప్పుకోలేను. ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని తాను ఎంచుకోవడం. అన్ని పార్టీల అభ్యర్థుల్నీ ఒకే బ్యాలెట్ మీద పెట్టి, ఎవరైనా ఓటేయొచ్చంటూ బయటివాళ్లను పార్టీల మీద రుద్దే బ్లాంకెట్ ప్రైమరీ చెల్లదని 2000లో కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మన దగ్గర బి-ఫారం ఎవరికిస్తారో చివరిదాకా కార్యకర్తకే తెలీదు. ఇక్కడ మామూలు సభ్యుడికి ఆ హక్కుంది, దాన్ని పలచన చేయొద్దు. 15 రోజుల ముందు ఆన్‌లైన్‌లో పార్టీ పేరు రాసుకుంటే సరి. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ఎవరికైనా వేసుకోవచ్చు.

పిట్స్‌బర్గ్ బాబాయ్: నవంబరు దాకా ఏం మిగులుతుంది నాయనా? ఒకే పార్టీకి పట్టున్న చోట ఏప్రిల్లోనే తేలిపోతుంది. టెక్సస్‌లో ఒకప్పుడు డెమోక్రాట్లు "మాది ప్రైవేటు సంఘం" అంటూ నల్లవాళ్లను ప్రైమరీకి రానివ్వలేదు. 1944లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వాళ్లు పడ్డదీ నాకు జరిగిందీ ఒకటని అనను, అలా అంటే పాపం. ప్రైమరీ కూడా అసలు ఎన్నికలో భాగమేనని ఆ తీర్పు ఒప్పుకుంది, నేను పట్టుకున్నది ఆ ఒక్క మాటే. పార్టీ పేరు రాస్తే అది పబ్లిక్ రికార్డు కూడా.

డల్లాస్ అక్క: మా టెక్సస్‌లో ఇప్పుడు ఫారంలో పార్టీ గడే లేదు. ఏ బ్యాలెట్ కావాలో అక్కడే అడుగుతారు. ఒకటి తీసుకుంటే రనాఫ్‌లో, అంటే ప్రైమరీ రెండో విడతలో, ఇంకో పార్టీకి వెళ్లలేం, అంతే. పార్టీలు బాగానే ఉన్నాయి. ఇంకో మాట: గ్రీన్‌కార్డు మీదున్న అమ్మానాన్నలకు లైసెన్సు ఆఫీసులో ఓటరు ఫారం ఇస్తే దయచేసి సంతకం పెట్టనివ్వకండి. ఆ ఒక్క సంతకం సిటిజన్‌షిప్‌కే ఎసరు పెడుతుంది.

తూగోజీ కుర్రాడు: న్యూజెర్సీ పద్ధతైతే నాకు సమ్మతమే. పార్టీ లేనివాళ్లు ఆరోజే ఒకటి ఎంచుకుని ఓటేస్తారు, ఆ పార్టీ పేరు రికార్డుకెక్కుతుంది.

పిట్స్‌బర్గ్ బాబాయ్: ఆ రికార్డు దగ్గరే నాకు అడ్డం. అయినా గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి రావడం కంటే నయం. మా స్టేట్ సెనేటర్‌కు ఉత్తరం రాస్తున్నా, ఇక్కడున్న పెన్సిల్వేనియావాళ్లు సంతకాలు కలపండి.