మావారికి కిడ్నీ మార్పిడి అయి ఆరో రోజు: టాక్రో లెవల్, యూరిన్ లెక్క, ఇంటికెళ్ళాక జాగ్రత్తలు చెప్పగలరా?

ప్రశ్న (గాజువాక నుంచి)

మావారికి 44 ఏళ్ళు. విశాఖ ఆరిలోవ హెల్త్ సిటీలో ఉన్నాం. కిడ్నీ ఇచ్చింది మా అత్తగారు, ఆవిడ నిన్నే డిశ్చార్జ్ అయ్యారు. ఈయనకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) 7.8 నుంచి 1.4కి దిగింది. నిన్న యూరిన్ పైపు తీసేశారు. అప్పట్నుంచి అరగంటకోసారి బాత్రూంకి వెళ్తున్నారు, రంగు లేత ఎరుపుగా ఉంటోంది. చేతులు వణుకుతున్నాయి. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ (టాక్రో) మందు రక్తంలో లెవల్ 13.6 వచ్చిందని డోసు తగ్గించారు. తగ్గిస్తే రిజెక్షన్ (ఒళ్ళు కిడ్నీని తిప్పికొట్టడం) రాదా అని భయంగా ఉంది. త్వరలో ఇంటికి పంపిస్తామంటున్నారు, ఇంట్లో చిన్న బాబు ఉన్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు – ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్

భయపడకండమ్మా. మొదటి నెలల్లో చాలాచోట్ల లెవల్ 8–12 మధ్య ఉంచాలని చూస్తారు, 13.6కి డోసు తగ్గించడం మామూలే. లెవల్ ఎక్కువైతే చేతులు వణుకుతాయి, కొత్త కిడ్నీకీ దెబ్బే. వణుకు సంగతి రౌండ్స్‌లో తప్పకుండా చెప్పండి.

ఇంటికెళ్ళాక ఎక్కువమంది తడబడేది ఈ లెవల్ టెస్టు దగ్గరే. రాత్రి 8కి మాత్ర వేస్తే పొద్దున 8కి, మాత్ర వేయకముందే రక్తం ఇవ్వాలి. ముందే మాత్ర మింగేసి ల్యాబ్‌కి వెళ్తే లెవల్ అబద్ధంగా ఎక్కువ చూపిస్తుంది. అది చూసి డాక్టర్ డోసు తగ్గిస్తే అసలు లెవల్ పడిపోతుంది, రిజెక్షన్‌కి దారి అదే. కాబట్టి పొద్దుటి మాత్ర డబ్బాలో పెట్టుకుని వెంట తీసుకెళ్ళండి, సూది తీయగానే వేయించండి. మొదట్లో వారానికి రెండుసార్లు దాకా టెస్టు ఉంటుంది. గాజువాక నుంచి ఎన్‌ఏడీ మీదుగా ఆ టైముకి ఆరిలోవ చేరడం కష్టం. వీలైతే మొదటి నెల హనుమంతవాక చుట్టుపక్కల గది తీసుకోండి.

మందుల షాపులో "ఇదీ అదే మందమ్మా" అని వేరే కంపెనీ స్ట్రిప్ ఇస్తే తీసుకోవద్దు. కంపెనీ మారితే లెవల్ మారొచ్చు, డాక్టర్ చెప్పి మారిస్తేనే మార్చాలి. ఒక డోసు మర్చిపోతే తర్వాత రెండూ కలిపి వేయకండి, ఫోన్ చేసి అడగండి. విరేచనాలైతే లెవల్ తగ్గుతుందనుకుంటారు కానీ టాక్రో పెరుగుతుంది. ఆ రోజే ఫోన్ చేయాలి. జలుబుకి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సొంతంగా వద్దు. అత్తగారికి కూడా ఆ నొప్పి మాత్రలు ఇవ్వకండి, ఆవిడకి ఉన్నది ఇక ఒక్క కిడ్నీయే. ఆరు వారాలు బిందెలు, గ్యాస్ బండలు ఎత్తనివ్వకండి.

జవాబు – నెఫ్రాలజీ వార్డు నర్సు

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి మూత్రం తక్కువ కాబట్టి మూత్రసంచి ముడుచుకుపోయి ఉంటుంది. అందుకే అరగంటకోసారి. వారాలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది. ఆపుకోమని మాత్రం చెప్పకండి, సంచి నిండితే కొత్త కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. రాత్రి కూడా లేపి పంపండి. లోపల డీజే స్టెంట్ (మూత్రనాళంలో పెట్టే సన్న గొట్టం) ఉంటే లేత ఎరుపు కనబడుతుంది. దాన్ని మామూలుగా 4–6 వారాలకి తీస్తారు, ఆ తేదీ డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. గడ్డలు పడినా, మూత్రం ఉన్నట్టుండి తగ్గినా, కిడ్నీ పెట్టిన వైపు కాలు వాచినా వెంటనే నర్సుని పిలవండి.

కొలగ్లాసుతో ప్రతిసారీ కొలిచి టైముతో రాయండి, తాగిన నీళ్ళు పక్క గడిలో. ఎన్ని లీటర్లు తాగాలో డాక్టర్ చెప్పిందే. పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి. ఒక్క రోజులో కిలో పెరిగినా, జ్వరం 100.4 దాటినా ఇంట్లో ఆగొద్దు. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ, సూది వద్దు.

జవాబు – రీనల్ డైటీషియన్

పంపరపనస పూర్తిగా మానేయాలి. అది టాక్రో లెవల్ పెంచుతుంది, రసం తాగినా అంతే. బలమని అందరూ కొబ్బరి బొండాలు పట్టుకొస్తారు. టాక్రో వల్ల పొటాషియం పెరగొచ్చు, అందుకే రిపోర్టు చూసి డాక్టర్ సరేనన్నాకే ఇవ్వండి. స్టెరాయిడ్, టాక్రో రెండూ షుగర్ పెంచుతాయి, స్వీట్లు తగ్గించండి. కుళాయి నీళ్ళు బాగా మరిగించి చల్లార్చినవే. పెరుగు మరిగించిన పాలతో ఇంట్లో ఏ రోజుకారోజు తోడుపెట్టుకోవాలి. కోసి పెట్టిన పళ్ళు, బీచ్‌లో అమ్మే మూరీ మిక్స్చర్, ఐస్ కలిపిన చెరుకురసం వద్దు. చేపలైతే బాగా ఉడికించి, తాజావే. ఊరగాయల్లో, ఎండు చేపల్లో ఉప్పు ఎక్కువ కాబట్టి పక్కన పెట్టండి.

జవాబు – కోఆర్డినేటర్ (మళ్ళీ)

బాబు గురించి రాయడం మరిచాను. పోలియో చుక్కల్లో బతికున్న వైరస్ ఉంటుంది, అది బాబు మలంలో కొన్ని వారాలు బయటికి వస్తుంది. పల్స్ పోలియో రోజుకి ముందే పిల్లల డాక్టర్‌కి ఇంట్లో మార్పిడి పేషెంట్ ఉన్నారని చెప్పండి, ఇంజెక్షన్ రూపంలో ఇస్తారేమో అడగండి. బాల్కనీలో పావురాల రెట్ట ఉంటే ఆయన ఇంటికి రాకముందే వేరేవాళ్ళతో తడిపి కడిగించండి. పొడిగా ఊడిస్తే ఫంగస్ గాల్లోకి లేస్తుంది.