ఆరడుగుల టేబుల్‌కి ఎనిమిది సీఎఫ్‌టీల (ఘనపుటడుగుల) టేకు పడుతుందా?

ఉప్పల్ కోడలు:
ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ చేయించుకుందామని వడ్రంగి మేస్త్రీని పిలిచాం. పొడవు 6 అడుగులు, వెడల్పు 3, పైచెక్క మందం ఒకటిన్నర అంగుళాలు. కుర్చీలు కలపకుండానే 8 సీఎఫ్‌టీల టేకు తెమ్మంటున్నాడు. కూలీ వేరే. మా ఆయనేమో పనివాడితో బేరాలేంటి, తెచ్చిచ్చేయ్ అంటారు. ఇది సరైన లెక్కేనా?

తార్నాక మాస్టారు:
అమ్మా, లెక్క మీరే కట్టుకోవచ్చు. మందం, వెడల్పు అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ. మీ పైచెక్క ఒకటిన్నర ఇంటూ 36 ఇంటూ 6, అంటే 324. భాగిస్తే 2.25. మూడంగుళాల చదరం కాళ్లు నాలుగు, కింద ఫ్రేమూ కలిపి ఇంకో సీఎఫ్‌టీ. కోతలో, చిత్రిక పట్టడంలో పోయేది పావు వంతు వేసినా నాలుగున్నర దాటదు.

అంతకన్నా ముఖ్యం, పాలిష్ కొట్టకముందే చెక్క చూడండి. మా అబ్బాయి పెళ్లికి చేయించిన మంచాన్ని ముదురు రంగు పాలిష్‌తో తెచ్చి దింపారు. మురిసిపోయాం. మూడో ఏడు నుంచి ఊడ్చిన ప్రతిసారీ మంచం కాలి కింద శనగపిండిలాంటి పొడి. గోరుతో గీకితే లోపలంతా తెల్లచెక్కే. టేకులో పురుగు చేవ, అంటే నడిమి గట్టి చెక్క, జోలికి అంతగా పోదు, అంచునుండే ఆ తెల్లదాన్నే తింటుంది.

బాడిశ:
మాస్టారి లెక్క కోసిన సైజులకైతే సరే. దుంగ కొని మిల్లులో కోయిస్తే బెరడు, తెల్లది, పగుళ్లు పోగా చేతికొచ్చేది బాగా తక్కువ. అప్పుడు 8 అడిగినా తప్పులేదు. మేస్త్రీని దొంగను చేసేముందు అదడగండి. నాదీ ఇదే పని, ఉక్రోషం అనుకోకండి.

ఇంకోటి, పైచెక్కని ఫ్రేమ్‌కి జిగురుతో అంటించొద్దనండి. వానాకాలం చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, మన ఎండలకి ముడుచుకుంటుంది. స్క్రూ బెజ్జాలు కోలగా తీస్తే కదలడానికి చోటుంటుంది. లేదంటే మే నెలలో నడిమధ్య పగులుతుంది.

ఉప్పల్ కోడలు:
అడిగాను, దుంగేనట! నేనే తొందరపడ్డాను. శనివారం భోయిగూడ డిపోల్లో కోసిన సైజులు చూడ్డానికి వెళ్తున్నాం. టేపు నా చేతిలో ఉంటుంది. మా ఆయన పార్కింగ్ చూసుకుంటారట.