సమస్య: రాతి యోడ తేలె రాత్రివేళ

నిర్వాహకుడు: ఈ వారం ఇచ్చిన చివరి పాదం ఇదే, పైన మూడు పాదాలూ ఆటవెలదిలో మీరు పూరించాలి. రామసేతువు జోలికి మాత్రం పోకండి.

పాలవెల్లి:
ఉక్కు కఱవు వచ్చె నొక్క యుద్ధములోన
కాంక్రి టొకటి చాలు కార్యమునకు
కవిత గాదు నిజము కడలిపై నాఁడట
రాతి యోడ తేలె రాత్రివేళ

కల్పన కాదండీ, 1918లో అమెరికాలో నీళ్లలోకి దింపిన అట్లాంటస్ అచ్చంగా కాంక్రీటు ఓడే.

కొసమెరుపు: విషయం బంగారం. కానీ కాంక్రీటు దీర్ఘం మింగేశారు! అది తగణం (రెండు గురువులు, ఒక లఘువు), ఆటవెలది సరిపాదంలో ఎక్కడా ఇమడదు, బేసి పాదం చివరికి జరపాల్సింది. పోయినసారి బస్సు సమస్యలో కండక్టర్‌ని ‘కండకటరు’ చేసిందీ మీరే కదా.

ఏటిగట్టు:
మైనుక్రాఫ్టులోన మా చిన్నవాడు తా
రాళ్ళు పేర్చి కట్టె రమ్యముగను
అడుగు నీరు పీల్చి యంతయు స్పాంజితో
రాతి యోడ తేలె రాత్రివేళ

మైన్‌క్రాఫ్ట్ అంటే దిమ్మలు పేర్చి కట్టుకునే వీడియో గేమ్. మావాడు ఓడ వెడల్పు బేసి సంఖ్యలోనే పెడతాడు, అప్పుడే అడుగున వెన్ను దూలం ఒకే వరసలో వస్తుందట. పక్కల వంపు కోసం మెట్ల బ్లాకులు తలకిందులుగా పెట్టాడు. సముద్రంలోనే కట్టడంతో లోపలంతా నీళ్లు, స్పాంజి తడిసిపోయిన ప్రతిసారీ కొలిమిలో ఎండబెట్టుకుని మళ్లీ దిగాడు.

పాలవెల్లి: ‘మైనుక్రాఫ్టు’లో క్రా వల్ల ‘ను’ గురువు కాదా? నా దీర్ఘం ఒక్కటే కనిపించిందా?

నిర్వాహకుడు: అన్యదేశ్యం, తేల్చి పలికితే లఘువే. ఒప్పుకుంటున్నా.

కొసమెరుపు: గణాలు సరే, ఇద్దరూ ‘రాత్రి’ని గాలికి వదిలేశారు. యతి కోసమే వచ్చిన మాటలా ఉండిపోయింది. పైగా ఆ ఆటలో రాయి తేలదు, పెట్టినచోట నిలబడుతుంది. ఇసుక, కంకర, కాంక్రీటు పొడి లాంటివి కొన్నే కింద పడతాయి. ఆ పొడి కూడా నీళ్లు తగిలితే గట్టిపడి కాంక్రీటవుతుంది, పాలవెల్లిగారికి నచ్చుతుంది. నా పూరణ:

నీరు తీసి చూడ నేలపై బడదాయె
పది నిమిషములందె పగలు ముగిసె
దివ్వె లుంచి వాడు దెయ్యాల నాపగా
రాతి యోడ తేలె రాత్రివేళ

ఆటలో పగలు పది నిమిషాలే, చీకటిపడితే వెలుగులేని డెక్కు మీదే జాంబీలు పుడతాయి.

ఏటిగట్టు: మావాడికి చదివి వినిపించా, రెండో పాదం దగ్గర ఎగిరి గంతేశాడు. ఆ చీకటి టెన్షన్ వాడికే తెలుసు.

నిర్వాహకుడు: ‘రాత్రి’కి పని చెప్పిన పూరణ ఇదొక్కటే.

పాలవెల్లి: మూడో పాదం మార్చా: “కడలి మీద నిలిచె కాంక్రీటు గోడతో”. దీర్ఘం తిరిగొచ్చింది. రెండో పాదం మళ్లీ రాయాలి, రాత్రిని అందులోనే ఇరికిస్తా, రేపటిదాకా ఆగండి.