పుస్తకంలో మోరియార్టీ ఇంత తక్కువా? తెర మీద ఎవరి మోరియార్టీ మీకు సరిగ్గా అనిపించాడు?

రాత్రిబండి

అందరికీ నమస్తే. నేను బీబీసీ టీవీ సిరీస్ ‘షెర్లాక్’ చూసి డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ పిచ్చిలో పడ్డదాన్ని. ఆ తర్వాత రాబర్ట్ డౌనీ జూనియర్ హోమ్స్‌గా చేసిన సినిమాలు రెండూ చూశాను. ఇక ఆర్థర్ కానన్ డాయిల్ రాసిన అసలు పుస్తకాలే చదవాలని పట్టుబట్టి ఎనిమిది నెలల్లో నాలుగు నవలలు, యాభై ఆరు కథలు మొత్తం పూర్తి చేశాను. చదువుతున్నంతసేపూ ఒకటే ఎదురుచూపు, హోమ్స్‌కి అసలు శత్రువు, నేరాల సూత్రధారి ప్రొఫెసర్ మోరియార్టీ ఎప్పుడొస్తాడా అని. తీరా వస్తే ఏముంది, 1893లో వచ్చిన ‘ద ఫైనల్ ప్రాబ్లమ్’లో మొదటిసారి కనిపిస్తాడు, అదే కథ చివర జలపాతంలో పడి చనిపోతాడు. తర్వాత ‘ద వ్యాలీ ఆఫ్ ఫియర్’ నవలలో అతని గురించి కొంత మాట్లాడుకుంటారు, మిగిలిన కొన్ని కథల్లో పేరు వినిపిస్తుంది, అంతే. ఇన్నేళ్ళుగా నేను అనుకున్న ఆ పెద్ద శత్రుత్వం పుస్తకంలో లేనే లేదు. నిజంగా మనసు చివుక్కుమంది.

మా అన్నయ్య అంటాడు, రచయిత రాయనిదాన్ని తెర మీద పెంచి చూపడం, ప్రొఫెసర్‌ని కుర్రాడిని చేయడం, ఇంకో చోట ఆడమనిషిని చేయడం, ఇదంతా ఆయన్ని అవమానించడమే అని. నాకు మాత్రం ‘షెర్లాక్’లో మోరియార్టీగా ఆండ్రూ స్కాట్‌ని చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది, అది అబద్ధం అనుకోలేకపోతున్నాను. అసలు మోరియార్టీని ఇంత పెద్దవాడిని చేసింది ఎవరు? పుస్తకం తెలిసినవాళ్ళకు తెర మీద ఏ మోరియార్టీ సరిగ్గా అనిపించాడు?

పాతపుస్తకాలగది

రాత్రిబండి గారూ, మీ బాధ నాకు బాగా తెలుసు, నేనూ పడ్డాను. కాకపోతే ఆ కథ ఇంకోసారి తీసి, కథ చెప్పే హోమ్స్ స్నేహితుడు వాట్సన్ ఏం చూశాడు అన్న ఒక్క ప్రశ్న పెట్టుకుని చదవండి.

వాట్సన్ మోరియార్టీతో ఒక్క మాట కూడా మాట్లాడడు. విక్టోరియా స్టేషన్‌లో బండి కదులుతుంటే ఒక పొడుగాటి మనిషి జనాన్ని తోసుకుంటూ, బండి ఆపమన్నట్టు చేయి ఊపుతూ రావడం చూస్తాడు. స్విట్జర్లాండ్‌లో, మైరింగెన్ దగ్గర కొండ దిగుతూ, దూరంగా పచ్చదనం మీద ఒక నల్లటి ఆకారం గబగబా నడిచి వెళ్ళడం చూస్తాడు. అంతే. తక్కినదంతా, అంటే పాములా అటూ ఇటూ ఊగే ఆ తల, లోతుకుపోయిన కళ్ళు, బేకర్ వీధి గదిలో ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకున్న మాటలు, అన్నీ హోమ్స్ వచ్చి చెప్పినవే. ఆ రాత్రి హోమ్స్ వాట్సన్ ఇంటికి వచ్చిన తీరు చూడండి, చేతి వేళ్ళ కణుపులు చిట్లి రక్తం కారుతుంటాయి, రాగానే కిటికీ తలుపులు మూసేస్తాడు, గాలి తుపాకులంటే భయంగా ఉందంటాడు. ఎప్పుడూ తొణకని మనిషి అలా బెదిరిపోయి రావడమే మనకు మోరియార్టీ పరిచయం. ముఖం చూపకుండా భయం మాత్రమే చూపాడు డాయిల్.

ఇలా ఎందుకంటే డాయిల్‌కి అప్పటికి హోమ్స్ అంటే విసుగొచ్చేసింది. చారిత్రక నవలలు రాసుకోవాలని ఆయన కోరిక. హోమ్స్‌ని వదిలించుకోవాలి, కానీ దారినపోయే దొంగ చేతిలో చంపితే బాగుండదు కదా, సమానమైనవాడు కావాలి, అందుకని ఆ ఒక్క కథ కోసం మోరియార్టీని తయారుచేశాడు. కథ అవసరానికి పుట్టిన మనిషి. అందుకే లెక్కలు కూడా కుదరవు. వ్యాలీ ఆఫ్ ఫియర్ అంతకుముందు జరిగిన కథ, అందులో వాట్సన్‌కి మోరియార్టీ ఎవరో తెలుసు, ఫైనల్ ప్రాబ్లమ్‌లో మాత్రం ఆ పేరే ఎప్పుడూ వినలేదంటాడు!

అయినా నాకు అతను నిజమనిపించేది ఆ నవల వల్లే. అందులో మెక్‌డొనాల్డ్ అనే ఇన్‌స్పెక్టర్ స్వయంగా వెళ్ళి ప్రొఫెసర్‌ని కలుస్తాడు. గ్రహణాల మీద మాటొస్తే ఆ పెద్దమనిషి లాంతరు, భూగోళం పెట్టి నిమిషంలో అర్థమయ్యేలా చెప్పి, చదువుకోమని పుస్తకం కూడా ఇచ్చి, వెళ్ళేటప్పుడు తండ్రిలా భుజం మీద చెయ్యి వేసి పంపిస్తాడు. ఇన్‌స్పెక్టర్ పొంగిపోతాడు. అప్పుడు హోమ్స్ అడుగుతాడు, గోడ మీద ఉన్న బొమ్మ చూశావా అని. అది గ్రూజ్ అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మ. ఆయన బొమ్మ ఒకటి వేలంలో నలభై వేల పౌన్లకు పైగా పలికిందని హోమ్స్ చెబుతాడు. ప్రొఫెసర్ జీతం ఏడాదికి ఏడు వందల పౌన్లు. పెళ్ళి కాలేదు, తమ్ముడు ఎక్కడో స్టేషన్ మాస్టరు. మరి ఆ బొమ్మ ఎలా వచ్చింది? తన కింద పనిచేసే కల్నల్ మోరాన్‌కే ఏడాదికి ఆరు వేల పౌన్లు ఇస్తున్నాడట. ఒక్క తుపాకీ పేలకుండా, ఒక్క కేక లేకుండా, గోడ మీద బొమ్మతో మనిషి ఎంత ప్రమాదకరమో తెలిసిపోతుంది. నాకు తెర మీద ఆ మనిషి కావాలి. మర్యాదగా గ్రహణాలు చెప్పి భుజం తట్టే మనిషి.

సింగిల్‌స్క్రీన్

పెద్దవాడిని చేసింది సినిమానా అని అడిగారు, సినిమా కంటే ముందే నాటకం చేసింది. విలియం జిలెట్ అనే అమెరికన్ నటుడు 1899లో హోమ్స్ నాటకం వేశాడు. అప్పటికి పుస్తకాల్లో హోమ్స్ చనిపోయి ఉన్నాడు. ఆ నాటకంలో మోరియార్టీయే అసలు విలన్, అంటే ప్రేక్షకులకు ఆ శత్రుత్వం రెండు గంటల కథగా దొరికింది అక్కడే. మీ అన్నయ్యకి ఇంకో సంగతి చెప్పండి. హోమ్స్‌కి పెళ్ళి చేయవచ్చా అని జిలెట్ అడిగితే, పెళ్ళి చేసుకో, చంపుకో, నీ ఇష్టం అన్నట్టు జవాబిచ్చాడు డాయిల్. అంత పట్టువిడుపు ఉన్న రచయిత విషయంలో అవమానం అనే మాట వాడటం నాకు నచ్చదు. ఆ నాటకాన్నే 1916లో మూకీ సినిమాగా తీశారు. దాని ప్రింటు పోయిందనే అనుకున్నారు చాలాకాలం, 2014లో పారిస్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికింది. (పక్కమాట, ఇంగ్లండ్‌లో ఆ నాటకం ఊరూరా తిరిగినప్పుడు బిల్లీ అనే పనికుర్రాడి వేషం వేసింది చిన్నప్పటి చార్లీ చాప్లిన్.)

తర్వాత హోమ్స్‌గా బేసిల్ రాత్‌బోన్. 1939 నుంచి 1946 దాకా 14 సినిమాలు, వాటిలో మోరియార్టీగా ముగ్గురు వేర్వేరు నటులు, జార్జ్ జూకో, లయనెల్ ఆట్‌విల్, హెన్రీ డానియెల్. ముగ్గురూ చివరికి పైనుంచి కింద పడే పోతారు! ఒకడు లండన్ టవర్ మీద నుంచి, ఒకడు తను పన్నిన గోతిలోనే, ఒకడు మేడ మీద నుంచి. జలపాతం లేకపోయినా ఆ పడిపోవడం మాత్రం ఎవరూ వదల్లేదు. 1939 సినిమాలో జూకో గురిపెట్టింది టవర్‌లో ఉన్న రాజాభరణాల మీద. 2012లో ఆండ్రూ స్కాట్ ఆ టవర్‌లోనే కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చున్నాడు కదా, అది చూసి నేను కేక పెట్టాను. కొత్తగా కనిపించేదంతా కొత్త కాదు, పాత సినిమాలను ప్రేమించినవాళ్ళు తీసిందే అది.

నా ఓటు మాత్రం 2011లో వచ్చిన డౌనీ రెండో సినిమాలోని జారెడ్ హారిస్‌కి. గడ్డం, మర్యాద, పాఠం చెప్పే గొంతు, పాతపుస్తకాలగది గారు చెప్పిన ప్రొఫెసర్ అతనే. ఆయుధాల కర్మాగారాల్లో, మందుల్లో పెట్టుబడి పెట్టి యుద్ధం రప్పించాలని చూస్తాడు, అంటే దొంగతనం కాదు, వ్యాపారం. చివర జలపాతం పక్కన ఇద్దరూ చదరంగం ఆడతారు, బోర్డు వదిలేసి ఎత్తులు నోటితోనే చెప్పుకుంటారు, ఆ తర్వాత జరగబోయే కొట్లాట మొత్తం ఇద్దరూ బుర్రలోనే ఆడేసుకుంటారు. హోమ్స్‌కి తెలిసిపోతుంది తను గెలవలేనని, అందుకే అతన్ని పట్టుకుని దూకేస్తాడు. మన సినిమాల్లో విలన్ బలంగా ఉంటేనే హీరో లేస్తాడు అంటాం కదా, ఇక్కడ విలన్ బలం కండల్లో లేదు, లెక్కలో ఉంది.

గట్టుమీదచెట్టు

సింగిల్‌స్క్రీన్ అన్నా, హారిస్ బాగానే చేశాడు, కానీ ఆ సినిమాలో యుద్ధం, ఫిరంగులు, అడవిలో పరుగులు ఇన్ని పెట్టాక ప్రొఫెసర్ నిశ్శబ్దం ఎవరికి వినిపిస్తుంది?

పుస్తకానికి దగ్గరగా కావాలంటే గ్రనాడా టీవీ వాళ్ళ సిరీస్ చూడాలి, 1984లో మొదలైంది, జెరెమీ బ్రెట్ హోమ్స్. మోరియార్టీ ఎరిక్ పోర్టర్. సరిగ్గా కథలో వర్ణించినట్టే, ఒంగిన భుజాలు, పెద్ద నుదురు, గదిలోకి వచ్చి నిలబడితే చాలు గాలి ఆగిపోయినట్టుంటుంది. అయితే ఒక సంగతి గమనించండి. ఇంత నమ్మకంగా తీసిన ఆ సిరీస్ కూడా మోరియార్టీని ఒక్క ఎపిసోడ్‌తో సరిపెట్టలేదు. ఎర్రజుట్టువాళ్ళ సంఘం కథలో అతను పుస్తకంలో లేడు, వీళ్ళు ఆ దొంగతనం వెనకాల అతన్ని పెట్టారు. ముందే పరిచయం చేయకపోతే చివరి కథలో అంత భయం పుట్టదని వాళ్ళకీ తెలిసింది. డాయిల్ మాటలతో లాగించేశాడు, కెమెరాకి ఆ వెసులుబాటు లేదు.

ఇంకోటి. ‘ఎలిమెంటరీ’ చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి, కథ చెప్పేస్తున్నాను. న్యూయార్క్‌లో జరిగే ఆ సిరీస్‌లో హోమ్స్ ప్రేమించి, చనిపోయిందనుకుని కుమిలిపోయిన ఐరీన్ ఆడ్లరే మోరియార్టీ అని మొదటి సీజన్ చివర తెలుస్తుంది. నటాలీ డోర్మర్ చేసింది. ఆడమనిషిని చేశారని చాలామంది గొడవపెట్టారు, నాకు అందులో గొప్ప ఆలోచన కనిపించింది. పుస్తకంలో హోమ్స్‌ని ఓడించిన స్త్రీ ఒకరు, హోమ్స్‌కి సమానమైన శత్రువు ఒకరు, ఇద్దరినీ కలిపితే ఆ దెబ్బ బుర్రకి కాదు, గుండెకి తగులుతుంది. పైగా ఆమెని చివరికి అర్థం చేసుకుని పట్టించేది హోమ్స్ కాదు, లూసీ లియు చేసిన జోన్ వాట్సన్. మోరియార్టీ వాట్సన్‌ని ఒక మనిషిగా లెక్కే వేయదు, అక్కడే దొరికిపోతుంది. పుస్తకంలో మోరియార్టీని సరిగ్గా చూడను కూడా చూడని వాట్సన్, ఇక్కడ అందరికంటే బాగా చూస్తుంది. దీన్ని అవమానం అంటే నేనొప్పుకోను అక్కా, పుస్తకాన్ని ఎంతో శ్రద్ధగా చదివినవాళ్ళకే ఇలాంటిది తడుతుంది.

రాత్రిబండి

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. ఎలిమెంటరీ నేను చూడలేదు, అయినా చదివేశాను, పర్వాలేదు, ఇప్పుడు ఇంకా చూడాలనిపిస్తోంది. గ్రూజ్ బొమ్మ సంగతి నేను చదివి కూడా దాటేశాను, నిన్న రాత్రి మళ్ళీ ఆ అధ్యాయం తీశాను, ‘భుజం మీద చెయ్యి’ దగ్గర నిజంగా భయమేసింది. మా అన్నయ్యకి డాయిల్ జవాబు చెప్పాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక్క సందేహం మిగిలింది. పాతపుస్తకాలగది గారూ, మీకు మర్యాదస్తుడైన ప్రొఫెసరే కావాలన్నారు. మరి ఆండ్రూ స్కాట్ అరుస్తాడు, గంతులేస్తాడు, గొంతు మార్చి మార్చి మాట్లాడతాడు. మీకు అతను నచ్చలేదా?

పాతపుస్తకాలగది

మొదట నచ్చలేదండీ. ఈత కొలను దగ్గర అతను బయటికొచ్చినప్పుడు, ఇదేంటి ఈ కుర్రవేషాలు అనిపించింది. ‘షెర్లాక్’లోనే ‘ద రైకెన్‌బాక్ ఫాల్’ ఎపిసోడ్ చూశాక మారాను.

అందులో అతను హోమ్స్‌ని చంపడానికి ముందు హోమ్స్ పేరుని చంపుతాడు. నేను మోరియార్టీని కాదు, రిచర్డ్ బ్రూక్ అనే నటుడిని, షెర్లాకే డబ్బిచ్చి నాతో ఈ వేషం వేయించాడు అని పత్రికకి చెబుతాడు. లోకం నమ్మేస్తుంది. ఇప్పుడు నేను పైన రాసింది గుర్తు తెచ్చుకోండి, మోరియార్టీ గురించి మనకు తెలిసిందల్లా హోమ్స్ చెప్పిందే. డాయిల్ వదిలేసిన ఆ ఖాళీనే అతను ఆయుధంగా పట్టుకున్నాడు. ఆ గంతులు, అరుపులు డాయిల్‌వి కావు, కానీ ఆ దెబ్బ మాత్రం డాయిల్ కథ లోపలి నుంచే వచ్చింది.

ఇదే ఖాళీలోంచి ఇంకో దారిలో పోయిన సినిమా ఒకటి ఉంది, 1976లో వచ్చిన ‘ద సెవెన్ పర్సెంట్ సొల్యూషన్’. అందులో హోమ్స్ కొకైన్‌కి బానిసై ఉంటాడు, మోరియార్టీ ఒకప్పుడు అతనికి లెక్కలు చెప్పిన మాస్టారు, అంతే. లారెన్స్ ఒలీవియే చేశాడు ఆ పాత్ర. ఆ ముసలాయన వాట్సన్ దగ్గరికి వచ్చి, మీ స్నేహితుడు నన్ను వేధిస్తున్నాడు, కాస్త ఆపండి అని వేడుకుంటాడు. వాట్సన్ తన స్నేహితుడిని ఉపాయంగా వియన్నాలో మనోవైద్యుడు ఫ్రాయిడ్ దగ్గరికి తీసుకెళతాడు.

ఒలీవియే కనిపించేది కొద్దిసేపే. మీరు దాన్ని చూసి, వెంటనే ఫైనల్ ప్రాబ్లమ్ మొదటి నాలుగు పేజీలు చదవండి, హోమ్స్ చిట్లిన వేళ్ళతో గదిలోకి వచ్చి కిటికీలు మూసే చోటు. ఆ రాత్రి వాట్సన్ ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి, మళ్ళీ ఇక్కడికొచ్చి రాయండి, ఎదురుచూస్తుంటాను.